రోల్డ్‌గోల్డ్ కమ్మలు పడని అమ్మకు మోకాల్లో లోహం పడుతుందా?

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు ప్రశ్న ఏమిటో చెప్తాను. కళ్యాణదుర్గం నుంచి ఒకాయన అడిగారు. వాళ్ల అమ్మగారికి 63 ఏళ్లు, మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, ఆపరేషన్ తప్పదన్నారు. ఆమెకు రోల్డ్‌గోల్డ్ కమ్మలు పెట్టుకుంటే చెవులు రసి కారేంత దురద, వాచీ వెనక బిళ్ల తగిలిన చోట దద్దుర్లు. "చెవికే పడని లోహం మోకాల్లో పడుతుందా? ఒకచోట టైటానియం వేయించమన్నారు, ఇంకోచోట బంగారు రంగు కోటింగ్ ఉన్నది వేయిస్తే ఏ టెన్షన్ ఉండదన్నారు. అసలు లోహం ఒంటికి పడేలా కంపెనీలవాళ్లు ఏం చేస్తారు? మాది ఫ్లోరైడ్ నీళ్ల ఊరు, దానివల్ల ఇంప్లాంట్ చెడుతుందా?" ఇదీ ప్రశ్న.

నేను డాక్టర్ని కాను. అనంతపురంలో మెకానికల్ డిప్లొమా చేసి గుజరాత్‌లో ఒక ఇంప్లాంట్ల ఫ్యాక్టరీలో ఫినిషింగ్, క్వాలిటీ సెక్షన్లలో 22 ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు కర్నూలులో ఉంటున్నాను. కాబట్టి ఆపరేషన్ గురించి మీ డాక్టర్ మాటే వినండి, లోహం గురించి మాత్రం నా మాట కాస్త వినండి.

సూటిగా చెప్పాలంటే, మోకాళ్లకు ఎక్కువగా వాడే మామూలు కోబాల్ట్-క్రోమియం మిశ్రమంతో చేసిన మోకాలే మీ అమ్మగారికి పడే అవకాశం ఎక్కువ. కమ్మలు పడనివాళ్లలో చాలామందికి మోకాలు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తోంది. అయినా ఆమెకు దద్దుర్లు గట్టిగా వస్తున్నాయి కాబట్టి ఈ సంగతి సర్జన్‌కు ముందే చెప్పి రాయించండి. స్కిన్ డాక్టర్ దగ్గర ప్యాచ్ టెస్టు చేయిస్తే మంచిది, ఏ లోహం పడదో తేల్చే టెస్టు అది. వీపు మీద చిన్న చిన్న పట్టీలు అతికించి రెండు రోజులు ఉంచుతారు, తీసిన రోజు ఒకసారి, ఇంకో రెండు రోజులకు మరోసారి చూస్తారు. కమ్మల దురదకు ఎక్కువగా కారణమయ్యే లోహం నికెల్, దానికి గట్టిగా పాజిటివ్ వస్తే అప్పుడు ఆక్సైడ్ చేసిన జిర్కోనియం గానీ, నైట్రైడ్ కోటింగ్ ఉన్నది (ఆ బంగారు రంగుది) గానీ అడగడంలో అర్థం ఉంది, ఆ రెండూ ఏమిటో కింద చెప్తాను. టెస్టు లేకుండా, ఎందుకో తెలియకుండా ఎక్కువ డబ్బు కట్టకండి. అలాగని టెస్టు పాజిటివ్ వచ్చినంత మాత్రాన మోకాలు ఫెయిలవుతుందని కూడా కాదు. చర్మం మీద వచ్చే రియాక్షన్‌కూ లోపల కీలు పనిచేసే తీరుకూ నేరుగా లంకె కుదరడం లేదు, సర్జన్లలోనే దీని మీద రెండు మాటలున్నాయి.

ఇక కారణాలు. ఇది కాస్త పొడుగే, టీ పెట్టుకుని కూర్చోండి.

అందరూ "ఏ లోహం మంచిది?" అని అడుగుతారు. ఫ్యాక్టరీలో ఇన్నేళ్లు ఉన్నాక నాకు ఆ ప్రశ్నే సగం తప్పనిపిస్తుంది. ఒంటికి తగిలేది లోహం కాదు, దాని మీద పొర. పాలు కాస్తే మీగడ కడుతుంది చూడండి, అలాగే క్రోమియం ఉన్న స్టీల్ మీదా, కోబాల్ట్-క్రోమియం మీదా, టైటానియం మీదా గాలి తగలగానే ఆక్సైడ్ పొర కడుతుంది. మందం కొన్ని నానోమీటర్లే, అంటే వెంట్రుక మందంలో పదివేలో వంతు కంటే తక్కువ. మీగడ తీసేస్తే మళ్లీ కట్టినట్టు, గీత పడినా ఈ పొర మళ్లీ కడుతుంది. ఒంట్లో ఉప్పునీరు రాత్రీ పగలూ లోహాన్ని తినడానికి చూస్తుంటే అడ్డం నిలబడేది ఇదొక్కటే. పొర బాగున్నంత కాలం లోపల నికెల్ ఉన్నా అది బయటికి వచ్చేది చాలా తక్కువ. పొర చెడితే ఎంత ఖరీదైన మిశ్రమమైనా ఒకటే.

ఇప్పుడు మీ అమ్మగారి కమ్మల సంగతి చూడండి. రోల్డ్‌గోల్డ్‌లో చాలావాటికి బంగారు పూత కింద నికెల్ పూత ఉంటుంది. పైపూత అరిగి చెమట తగిలేసరికి నికెల్ నేరుగా చర్మంలోకి దిగుతుంది. ఇంప్లాంట్‌కు వాడే 316ఎల్ రకం స్టీల్‌లోనూ 13 నుంచి 15 శాతం నికెల్ ఉంటుంది, కానీ క్రోమియం ఆక్సైడ్ పొర దాన్ని పట్టి ఉంచుతుంది. మోకాళ్లలో వాడే కోబాల్ట్-క్రోమియంలో అయితే నికెల్ ఒక శాతం లోపే. మీ అమ్మగారు వంటింట్లో రోజూ పట్టుకునే స్టీల్ గిన్నెల్లో చాలావాటిలోనే మోకాలి కంటే నికెల్ ఎక్కువ ఉంటుంది. ఆ గిన్నెలు పట్టుకుంటే ఆమె చేతులకు దురద వస్తోందా? అడిగి చూడండి.

ఈ పొరను ఫ్యాక్టరీలో ఎలా తయారు చేస్తారో చెప్తాను, నా జీవితం దీనికే పోయింది మరి. స్టీల్ స్క్రూ లేత్ మీంచి దిగాక దాని ఒంటినిండా కటింగ్ టూల్ నుంచి రాలిన ఇనుప రజను, నూనె, పాలిష్ ముద్ద ఉంటాయి. ముందు శుభ్రంగా కడుగుతారు. కడిగింది సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఏ మెషీనూ అక్కర్లేదు, నీళ్లలో ముంచి పైకెత్తితే చాలు. నీరు తెరలా అంతటా పరుచుకుంటే శుభ్రం, చేమ ఆకు మీద బొట్టుల్లా విడిపోతే ఇంకా నూనె ఉన్నట్టు. తర్వాత నైట్రిక్ ఆసిడ్ తొట్టిలో అరగంట దాకా ఉంచుతారు. ఆసిడ్ ఆ ఇనుప రజనును తినేసి, మీద క్రోమియం ఎక్కువున్న పొర కట్టేలా చేస్తుంది. దీన్నే పాసివేషన్ అంటారు. చూడటానికి ముందూ వెనకా ఏ తేడా కనిపించదు, అందుకే మొదట్లో కొత్త కుర్రాళ్లు ఇదంతా ఉత్త తంతు అనుకుంటారు. నేనూ అనుకున్నా.

అనుకున్నందుకు శాస్తి జరిగింది. చేరిన మూడో ఏడు ఒక లాటు స్క్రూలు స్టెరిలైజ్ చేయడానికి ఆవిరి పెట్టి తీశాక గోధుమ రంగు చుక్కలతో బయటికి వచ్చాయి, అచ్చం మామిడికాయ మీద మచ్చల్లాగ. స్టీల్ నకిలీదని నేను సప్లయర్ మీద ఎగిరాను. సర్టిఫికెట్ చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి, కార్బన్ తక్కువే, మాలిబ్డినం రెండు శాతం పైనే. మా ఫోర్‌మన్ ఏమీ మాట్లాడకుండా మైలుతుత్తం నీళ్లు తెచ్చి, ఆవిరి పెట్టకుండా మిగిలిన స్క్రూల మీద దూదితో రాశాడు. కొన్ని నిమిషాలకు చుక్కలు చుక్కలుగా ఎర్రటి రాగి తేలింది. ఎక్కడ విడి ఇనుము ఉంటే అక్కడ రాగి దిగుతుంది. తీరా చూస్తే మా డిపార్ట్‌మెంట్‌లోనే మామూలు ఇనుప జాబ్‌కు వాడిన బ్లాస్టింగ్ ఇసుకను ఎవరో ఈ లాటుకూ వాడేశారు, తొందరలో ఆసిడ్ టైమ్ కూడా తగ్గించారు. లాటు మొత్తం తుక్కులోకి పోయింది. తప్పు లోహానిది కాదు, మాదే. అప్పటినుంచి ఎవరైనా "ఫలానా లోహం మంచిది" అంటే, దాన్ని ఎక్కడ కడిగారని అడగాలనిపిస్తుంది నాకు.

316ఎల్ పేరులో ఆ ఎల్ కూడా ఊరికే లేదు. కార్బన్ తక్కువని దాని అర్థం, 0.03 శాతం మించకూడదు. కార్బన్ ఎక్కువుంటే అది క్రోమియంతో కలిసి గడ్డ కడుతుంది, ఆ గడ్డ చుట్టుపక్కల క్రోమియం కరువై పొర పల్చబడుతుంది, తుప్పు సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

ఇక మిశ్రమాన్నే మార్చి ఒంటికి పడేలా చేయడం అనేది రెండో దారి. ఎక్కువగా వాడే టైటానియం మిశ్రమంలో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం ఉంటాయి. అది మొదట విమానాల కోసం పుట్టింది, ఆసుపత్రికి తర్వాత వచ్చింది. వెనేడియం కణాలకు మంచిది కాదన్న అనుమానంతో దాని స్థానంలో 7 శాతం నియోబియం పెట్టి ఇంకో మిశ్రమం చేశారు. స్టీల్‌లోనూ నికెల్ దాదాపుగా తీసేసి, ఆ పని మాంగనీసు, నైట్రోజన్‌లతో చేయించే రకం ఉంది. మన దగ్గర హైదరాబాద్‌లో మిధాని అనే ప్రభుత్వ లోహాల కంపెనీలో ఇంప్లాంట్లకు పనికొచ్చే టైటానియం తయారవుతుంది. మెగ్నీషియం స్క్రూలు కూడా వచ్చాయి, ఎముక అతుక్కున్నాక అవే కరిగిపోతాయి. కానీ కరిగేటప్పుడు హైడ్రోజన్ బుడగలు వస్తాయి, కరిగే వేగాన్ని అదుపులో పెట్టడమే తలనొప్పి. మోకాలికి వీటితో పని లేదు కాబట్టి వదిలేద్దాం.

"టైటానియం వేయించుకోండి" అన్నవాళ్ల మాటలో సగమే నిజం. టైటానియం ఎముకతో కలిసిపోయే తీరు గొప్పదే. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే ఆయన కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టం పెట్టి రక్తప్రసరణ చూస్తున్నారు. పని అయ్యాక తీద్దామంటే రాలేదు, ఎముక దాన్ని అంటిపెట్టుకుపోయింది. ఈ రోజు పళ్ల ఇంప్లాంట్లన్నీ ఆ గొట్టం పిల్లలే. 1965లో మొదటి మనిషికి వేశారు. కానీ టైటానియం రాపిడికి ఆగదు. మోకాల్లో తొడ ఎముక వైపు బిగించే ముక్క ప్లాస్టిక్ మీద లక్షల సార్లు జారాలి, పైన ఏ గట్టి పొరా లేని టైటానియం అక్కడ గీసుకుపోయి నల్లటి పొడి రాలుస్తుంది. అందుకే ఆ ముక్కను ఎక్కువగా కోబాల్ట్-క్రోమియంతో చేస్తారు, కింద కాలి ఎముక మీద కూర్చునే పళ్లెం టైటానియంది కావచ్చు. కాబట్టి ఎవరైనా "టైటానియం మోకాలు" అంటే, "తొడ వైపు ముక్క దేనిదండీ?" అని అడగండి. సమాధానం తడబడితే మీకే అర్థమవుతుంది. తిరువనంతపురంలో మనవాళ్లే తయారు చేసి 1990లో మొదటిసారి వేసిన చిత్రా గుండె కవాటానికి కూడా చట్రం కోబాల్ట్ మిశ్రమమే, టైటానియం కాదు. పనిని బట్టి లోహం.

ఇప్పుడు ఆ బంగారు రంగుది. అందులో బంగారం లేదు! ప్రొద్దుటూరు నుంచి మా బంధువొకాయన ఫోన్ చేసి "గోల్డ్ మోకాలంట, ఎన్ని గ్రాములు పడుతుంది?" అని అడిగాడు, నవ్వాపుకోలేకపోయాను. అది టైటానియం నైట్రైడ్ లేదా టైటానియం నియోబియం నైట్రైడ్. వాక్యూమ్ గదిలో ఆవిరిలా పట్టించే గట్టి పొర, మందం కొన్ని మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), రంగు మాత్రం అచ్చం బంగారమే. లోపలున్నది మాత్రం సాధారణంగా మామూలు కోబాల్ట్-క్రోమియమే. పొర నిండుగా ఉన్నంత కాలం లోపలి లోహం బయటికి రాకుండా ఆపుతుంది, నికెల్ పడనివాళ్లకు దాని ఉపయోగం అదే. మామూలు మనిషికి మామూలు మోకాలి కంటే ఇది ఎక్కువ ఏళ్లు నడుస్తుందని చెప్పి అమ్మితే నేను మాత్రం కొనను.

ఆక్సైడ్ చేసిన జిర్కోనియం వేరు. అది కోటింగ్ కాదు. జిర్కోనియం-నియోబియం ముక్కను గాలి తగిలేలా 500 డిగ్రీల దగ్గర వేడి చేస్తే పైన 5 మైక్రాన్ల దాకా లోహమే నల్లటి సెరామిక్‌గా మారుతుంది. నైట్రైడ్ గోడకు కొట్టిన సున్నం లాంటిదైతే ఇది పాలలోంచే వచ్చిన మీగడ. ఊడిపోయే భయం తక్కువ, నికెల్ కూడా లేనట్టే. నా ఇంట్లోవాళ్లకు నిజంగా నికెల్ పడదని తేలితే నేను దీనికే ఓటేస్తాను. దీనికీ ఒక బలహీనత ఉంది, లోతుగా గీత పడితే కింద లోహం మెత్తనిది, వేగంగా అరుగుతుంది.

ధరల సంగతి. 2017 ఆగస్టులో ప్రభుత్వం మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధరలు పెట్టింది, జీఎస్టీ కాకుండా కోబాల్ట్-క్రోమియంకు 54,720 రూపాయలు, టైటానియం, ఆక్సైడ్ జిర్కోనియం లాంటి ప్రత్యేక లోహాలకు 76,600. ఆ తర్వాత సవరణలు వచ్చాయి కాబట్టి ఇప్పటి అంకె మీరే చూసుకోండి. నేను చెప్పేదేమిటంటే, లోహం మార్పు వల్ల రావాల్సిన తేడా ఈ మాత్రమే. అంతకంటే బాగా ఎక్కువ అడిగితే అది దేనికో విడిగా రాసివ్వమనండి.

ఎముక వైపు గరుకుగా చేయడం, హైడ్రాక్సీ అపటైట్ పూయడం గురించి కూడా వింటారు. మన ఎముకలో ఉండే కాల్షియం ఫాస్ఫేట్ అదే, దాన్ని ప్లాస్మా మంటలో కరిగించి లోహం మీద చిమ్ముతారు. ఎముక దాన్ని తన సరుకే అనుకుని పట్టుకుంటుంది. ఈ మధ్య త్రీడీ ప్రింటింగ్‌తో టైటానియాన్ని స్పాంజిలా బొరియలు బొరియలుగా చేసి ఎముక లోపలికి పెరిగేలా కూడా చేస్తున్నారు. ఇవి తుంటికి, సిమెంట్ లేకుండా బిగించేవాటికి ముఖ్యం. మీ అమ్మగారి వయసులో మోకాలిని చాలాచోట్ల బోన్ సిమెంట్‌తోనే అతికిస్తారు, అప్పుడు ఎముకకు తగిలేది సిమెంటే. (ఎక్స్‌రేలో కనపడటానికి ఆ సిమెంట్‌లో సాధారణంగా బేరియం సల్ఫేట్ కలుపుతారు. పాత కడప జిల్లా మంగంపేటలో తవ్వే ముగ్గురాయి ఉంది చూశారా, అదీ బేరియం సల్ఫేటే. ఎక్కడి రాయి ఎక్కడికి చేరిందో!)

గట్టిదనం గురించి ఒక మాట. ఎముక కంటే టైటానియం మిశ్రమం నాలుగైదు రెట్లు బిర్రుగా ఉంటుంది, స్టీల్, కోబాల్ట్ దానికి రెండింతలు. కాడికి ఒకవైపు బలమైన ఎద్దును, ఇంకోవైపు బక్క ఎద్దును కడితే బరువంతా బలమైనదే లాగుతుంది, బక్కది ఇంకా బక్కవుతుంది. తుంటిలో పెద్ద రాడ్డు పక్కన ఎముక అలాగే పల్చబడుతుంది. అందుకే నియోబియం, జిర్కోనియం ఎక్కువ కలిపి టైటానియాన్ని కాస్త మెత్తబరిచే మిశ్రమాలు చేస్తున్నారు.

పొర ఎంత బాగున్నా రాపిడి దాన్ని చంపుతుంది. ధర్మవరంలో మా మామకు కాలి ఎముక విరిగి ప్లేటు వేశారు. రెండేళ్లకు నొప్పి, వాపు అని తీయించుకుంటే ప్లేటు చుట్టూ కండ నల్లగా ఉందన్నారు. "ఒంటికి పడలేదు" అని అందరూ తేల్చేశారు. ఆ ప్లేటు అడిగి తెచ్చుకుని భూతద్దం కింద పెట్టాను. పైభాగం కొత్త గిన్నెలా మెరుస్తోంది, స్క్రూ తల కూర్చునే రెండు గుంతల్లో మాత్రం చంద్రవంకలా అరిగిన గుర్తు, దాని అంచున గోధుమ రంగు. స్క్రూలు ఒక కంపెనీవి, ప్లేటు ఇంకో కంపెనీది, తలలు గుంతలో సరిగ్గా కూర్చోలేదు. అడుగు వేసిన ప్రతిసారీ అక్కడ పొర చెరగడం, మళ్లీ కట్టడం, మళ్లీ చెరగడం. లోహం మంచిదే, జోడీ తప్పు. ఒకే కంపెనీ సెట్ వాడుతున్నారా అని తప్పకుండా అడగండి. ఇదే రాపిడి తుంటిలో లోహం మీద లోహం తిరిగేలా చేసినవాటిని ముంచింది. 2010లో ప్రపంచమంతటా ఒక మోడల్‌ను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, కోబాల్ట్ రక్తంలోకి చేరి జనం నానా అవస్థ పడ్డారు. మీ అమ్మగారి మోకాల్లో లోహం జారేది ప్లాస్టిక్ మీద, కాబట్టి ఆ భయం పెట్టుకోకండి.

ఇంకోటి, ఆపరేషన్ తర్వాత నొప్పి, వాపు, వేడి ఉంటే "అలర్జీ" అని మీకు మీరే తేల్చుకోకండి. ముందు అనుమానించాల్సింది ఇన్ఫెక్షన్‌ను. కొత్త లోహం ఒంట్లోకి వెళ్లగానే ఆర్టీసీ బస్సు సీటు కోసం కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు పోటీ జరుగుతుంది. మన కణాలు ముందు కర్చీఫ్ వేస్తే సరి, బాక్టీరియా వేసిందంటే జిగురు పొర కట్టుకుని కూర్చుంటుంది, లేపడం ఎవరి తరమూ కాదు. అందుకే షుగర్ ఉంటే ముందే అదుపులోకి తెచ్చుకోండి, పుచ్చిన పళ్లు, కాలి పుండ్లు ఉంటే నయం చేయించండి. కోటింగ్ మీద పెట్టే డబ్బు కంటే దీనివల్లే ఎక్కువ లాభం.

ఫ్లోరైడ్ నీళ్ల గురించి అడిగారు, మంచి ప్రశ్న. ఫ్లోరైడ్ టైటానియం పొరను తింటుందన్నది నిజమే, కానీ బాగా చిక్కగా, పుల్లగా ఉన్నప్పుడు. పళ్ల డాక్టర్లు పూసే ఆసిడ్ ఫ్లోరైడ్ జెల్‌లో 12,300 పీపీఎం, అంటే కిలోకు 12,300 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. తాగే నీటికి పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మీ బోరు నీళ్లలో దానికి మూడు నాలుగింతలున్నా మోకాలి లోహానికి ఏమీ కాదు. ఇబ్బందల్లా ఎముకకే. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవాళ్ల ఎముక గట్టిపడి, పెళుసై ఉంటుంది, కోసేటప్పుడు, డ్రిల్ చేసేటప్పుడు బాగా వేడెక్కుతుంది. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలితే ఎముక కణాలు చనిపోతాయి. మీది ఏ ఊరో, ఎన్నేళ్లుగా ఏ నీళ్లు తాగుతున్నారో సర్జన్‌కు చెప్పండి, అనంతపురం వైపు డాక్టర్లకు ఇది కొత్తేమీ కాదు.

మా వీధిలో ఒకామెకూ మీ అమ్మగారిలాగే రోల్డ్‌గోల్డ్ పడదు. ఆరేళ్ల కింద మామూలు కోబాల్ట్ మోకాలు వేయించుకుంది, ఇప్పుడు రైతుబజారుకు నడిచే వెళ్తుంది. ఒక్కరిని చూసి లెక్క తేల్చకూడదు, తెలుసు, మీ అమ్మగారికి ధైర్యం చెప్పడానికి పనికొస్తుందని రాశాను.

చివరగా రెండు పనులు. ఇంప్లాంట్ పెట్టె మీద బ్యాచ్ నంబర్ ఉన్న స్టికర్లు ఉంటాయి, కేస్ షీట్‌లో అతికిస్తారు, వాటికి ఫోటో తీసి పెట్టుకోండి. ఎప్పుడైనా తేడా వస్తే అదే ఆధారం. ఆ కమ్మల్ని మాత్రం పారేయకండి. డైమిథైల్‌గ్లయాక్సిమ్ అని ఒక రసాయనం ఉంటుంది, కొంచెం అమ్మోనియాతో కలిపి దూది పుల్లతో కమ్మ మీద రుద్దితే, నికెల్ బయటికి వస్తుంటే దూది గులాబీ రంగుకు తిరుగుతుంది. నా దగ్గర ఒక సీసా ఉంది. కర్నూలు వైపు వచ్చినప్పుడు కమ్మలు, ఆ వాచీ రెండూ పట్టుకురండి, ప్యాచ్ టెస్టుకు ముందే సగం సంగతి తెలిసిపోతుంది.